ఎవరి పాలు ఎంత?

నాట్యాల గురించి రాసేవాళ్ళు చాలామంది ఒక వాక్యాన్ని తయారుగా పెట్టుకుని ఉంటారు. "ఇది స్థానిక, ఆఫ్రికా, యూరప్ సంస్కృతుల కలయిక" అని. కొలంబియాలో ఆడే కుంబియా గురించి చదివినా ఇదే వాక్యం. మెక్సికోలో వెరాక్రూజ్ పక్క నాట్యాల గురించి చదివినా ఇదే. పెరూకి పోయినా ఇదే. ఆ వాక్యం అయినాక ఒక పట్టీ వస్తుంది: పిల్లనగోవి స్థానికులది, డోలు ఆఫ్రికావాళ్ళది, లంగా స్పెయిన్‌వాళ్ళది. అంగడికి సామాన్ల చీటీ రాసినట్ల ఉంటుంది. కందిపప్పు ఇంత, చింతపండు ఇంత, ఇంగువ ఇంత. చీటీ తప్పని నేను అనను. చీటీలో వంట చేసింది ఎవరో ఉండదు, ఎవరికోసం చేశారో ఉండదు, ఆ పొద్దు ఇంట్లో పెండ్లా చావా అనేది కూడా ఉండదు. నాకు కావలసింది అదే.

ఆ వాక్యం ఎంతవరకు నిలబడుతుందో చూసేదానికి నేను గరిఫునా అనే జనం ఆడే నాట్యాలను తీసుకున్నాను. వీళ్ళు మధ్య అమెరికాలో కరీబియన్ సముద్రం ఒడ్డున బెలీజ్, గ్వాటెమాలా, హోండురాస్, నికరాగువా అనే నాలుగు దేశాల్లో ఉంటారు. పని కోసం పోయి అమెరికాలో, ముఖ్యంగా న్యూయార్క్‌లో స్థిరపడినవాళ్ళు కూడా చాలామంది. ఏ దేశంలో చూసినా చిన్న గుంపే. చుట్టూ వేరే భాష, ఇంట్లో వేరే భాష. హోసూరులో తెలుగు బడికి పోయే మనకు దీన్ని విడమర్చి చెప్పాల్సిన పని లేదు.

ముందు వాళ్ళ కథ కొంచెం చెప్పాలి. అది లేకుండా నాట్యం అర్థం కాదు.

కరీబియన్ సముద్రంలో సెయింట్ విన్సెంట్ అని ఒక చిన్న దీవి. గరిఫునావాళ్ళు దాన్ని యురుమెయిన్ అంటారు. అక్కడ కరీబ్, అరవాక్ జనాలు ముందునుంచీ ఉన్నారు. (అరవాక్ అనే పేరు చదవగానే మా తరగతిలో అందరూ నవ్వారు. అరవానికీ దానికీ ఏ సంబంధమూ లేదు.) బానిసలుగా పట్టుకొచ్చిన ఆఫ్రికావాళ్ళు కొందరు ఓడ మునిగితే తప్పించుకుని, కొందరు పక్క దీవుల తోటలనుంచి పారిపోయి ఈ దీవికి చేరారు. స్థానికులతో కలిశారు, పిల్లల్ని కన్నారు, వాళ్ళ భాషనే తమ భాష చేసుకున్నారు. ఫ్రెంచివాళ్ళు వీళ్ళతో కొంతకాలం స్నేహంగా ఉన్నారు. తరువాత దీవి ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. వాళ్ళకు చెరకు తోటలు వేసేదానికి నేల కావాలి. మంచి నేలంతా వీళ్ళ చేతిలో ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. విలియం యంగ్ అనే ఇంగ్లీషు తోటల యజమానుల కుటుంబంవాడు 1795లో ఒక పుస్తకం అచ్చు వేశాడు. వీళ్ళు నిజమైన స్థానికులు కారు, ఆఫ్రికానుంచి వచ్చి అసలు స్థానికుల నేలను ఆక్రమించినవాళ్ళు, కాబట్టి వీళ్ళకు దీవి మీద హక్కు లేదు అనేది దాంట్లో వాదం. అంటే "మీలో స్థానికం పాలు ఎంత, ఆఫ్రికా పాలు ఎంత" అని లెక్క కట్టాడు. లెక్క కట్టింది నాట్యం అర్థం చేసుకునేదానికి కాదు, నేల లాక్కునేదానికి. అదే ఏడు మార్చి 14న వాళ్ళ నాయకుడు చాటోయేర్ యుద్ధంలో చనిపోయాడు. 1796లో ఓడిపోయినాక ఇంగ్లీషువాళ్ళు ఈ జనాన్ని నాలుగు వేలకు పైగా పట్టుకుని బాలిసో అనే చిన్న దీవిలో పెట్టారు. అక్కడ సరిగ్గా నీళ్ళు కూడా లేవు. కొన్ని నెలల్లోనే సగంమంది దాకా పోయారు. పట్టుకున్నవాళ్ళలో కొంచెం తెల్లగా, స్థానికుల మాదిరి కనిపించినవాళ్ళను వెనక్కి పంపేశారు. నల్లగా ఉన్నవాళ్ళను ఓడలెక్కించి 1797 ఏప్రిల్‌లో హోండురాస్ దగ్గర రొవాటన్ అనే దీవిలో దింపేశారు. దిగినవాళ్ళు సుమారు 2,000 మంది. ఈరోజు గరిఫునా అని మనం పిలిచే జనమంతా ఆ రెండు వేలమంది వంశమే.

ఒకే కుటుంబంలో అన్న దీవిలో మిగిలిపోయి తమ్ముడు ఓడెక్కి ఉండవచ్చు, ఒంటి రంగు చూసి. అందుకే "ఎవరి పాలు ఎంత" అనే పట్టీని ఈ జనం విషయంలో నేను ఊరక చదివి పక్కన పెట్టలేను. ఆ పట్టీ ఒకసారి వాళ్ళ మెడకు కట్టి చూశారు.

ఇంక నాట్యానికి వస్తాను. వాళ్ళ నాట్యాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది వనరగువా. జంకునూ అని కూడా అంటారు. క్రిస్మస్ దినంనుంచి జనవరి 6 దాకా ఆడతారు. మన పక్క సంక్రాంతికి గంగిరెద్దులవాళ్ళు వచ్చినట్ల ఇంటింటికీ పోయి ముంగిట్లో ఆడతారు, ఇంటివాళ్ళు డబ్బులు ఇస్తారు. ఆడేది మగవాళ్ళు, పిల్లలు కూడా ఉంటారు. పాడేది ఎక్కువగా ఆడవాళ్ళు. ఆడేవాళ్ళ తల మీద ఈకలతో, రంగు కాగితాలతో, చిన్న అద్దాలతో చేసిన కిరీటం. దాని పేరు వబబ. ఒంటి మీద తెల్ల చొక్కా, ఎదమీద అడ్డంగా రిబ్బన్లు. మోకాళ్ళ కింద గవ్వలు కట్టిన పట్టీలు, మన గజ్జెల మాదిరి, కానీ మడమ దగ్గర కాదు, మోకాలి దగ్గర. ముఖానికి ఇనుప జల్లెడతో చేసిన ముసుగు. దాని మీద తెల్లగా, కొంచెం గులాబిగా రంగు పూసి, సన్నటి మీసం, ఎర్ర పెదవులు గీస్తారు. అది ఇంగ్లీషు దొర ముఖం.

పట్టీ రాసేవాళ్ళు దీన్ని ఎట్ల రాస్తారు? ఈకలు స్థానికం, డోళ్ళు ఆఫ్రికా, ముసుగు యూరప్. మూడూ సరిపోయాయి, పని అయిపోయింది. కానీ ముసుగును ఒక్కసారి నిదానంగా చూడండి. అది యూరప్ వాళ్ళు ఇచ్చిన వస్తువు కాదు. యూరప్ వాడి ముఖాన్ని వీళ్ళు గీసింది. దొర నడిచే నడక, దొర మెడ బిగించే తీరు చూసి వీళ్ళు ఆడి చూపించింది. ఒకరిని వెక్కిరించేదానికి వాడి మాదిరి నడిస్తే దాన్ని "వాడి ప్రభావం" అనవచ్చా? మా తరగతిలో ఒకడు మా లెక్కల అయ్యవారి మాదిరి సుద్దముక్క పట్టుకుని నడిచి చూపిస్తాడు. వాడి మీద అయ్యవారి ప్రభావం పడిందని ఎవరూ అనరు. ప్రభావం అనే మాటలో పైనుంచి కిందికి ఏదో కారినట్ల ఉంటుంది. ఇక్కడ కిందనుంచి పైకి చూసి నవ్వడం ఉంది. పట్టీలో నవ్వుకు చోటు లేదు.

ఈ నాట్యం ఎట్ల పుట్టిందనేదానికి గరిఫునావాళ్ళు చెప్పే కథ ఒకటి ఉంది. సెయింట్ విన్సెంట్‌లో యుద్ధం జరిగేటప్పుడు మగవాళ్ళు ఆడవేషం వేసుకుని, ఊళ్ళో ఆడవాళ్ళు మాత్రమే ఉన్నారని సిపాయిలు నమ్మి దగ్గరికి రాగానే మీద పడ్డారంట. అందుకే దీన్ని యోధుల నాట్యం అంటారు. పరిశోధకులు కొందరు, ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో ఉన్న జమైకా లాంటి దీవుల్లో బానిసలు క్రిస్మస్‌కు ఆడిన జాన్ కానూ ఆటతో దీనికి సంబంధం ఉందంటారు. పేరు చూస్తేనే తెలుస్తుంది, జంకునూ, జాన్ కానూ. రెండిట్లో ఏది నిజం అని పంచాయితీ పెట్టే పని నాకు లేదు. రెండు కథల్లోనూ వేషం వేసినవాడిదే పైచేయి అనేది నాకు చాలు.

డోలు గురించి చెప్పకపోతే ఈ నాట్యం సగమే చెప్పినట్టు. గరిఫునా సంగీతంలో రెండు డోళ్ళు ముఖ్యం. గట్టి చెక్క మొద్దును తొలిచి, తోలు బిగించి, తోలు మీద అడ్డంగా తీగ లాగుతారు. ఆ తీగ వల్ల దెబ్బ కొట్టినప్పుడు జుమ్ మని ఒక ఒణుకు వస్తుంది. పెద్ద డోలు పేరు సెగుండా, అది తాళం తప్పకుండా పట్టుకుని ఉంటుంది. చిన్నది ప్రిమేరా, అది ఇష్టం వచ్చినట్ల మాట్లాడుతుంది. మామూలుగా మనం ఏ నాట్యం చూసినా తాళం ముందు, కాలు వెనుక. తాళం తప్పితే ఆడేవాడిది తప్పు. వనరగువాలో ఇది తిరగబడింది. ప్రిమేరా వాయించేవాడు ఆడేవాడి కాళ్ళను చూస్తా వాయిస్తాడు. కాలు ఎట్ల పడితే దెబ్బ అట్ల పడాలి. ఆడేవాడు ఉన్నట్టుండి ఆగుతాడు, డోలు ఆగాలి. మోకాలు అదిరితే డోలు అదరాలి. ఆడేవాడు మంచి ఆటగాడైతే డోలువాడిని ఏమార్చేదానికి చూస్తాడు. డోలువాడు ఏమారకుండా చూస్తాడు. గవ్వలు మోకాలి దగ్గర ఏంటికి కట్టారో అప్పుడు నాకు అర్థమయింది. మోకాలు ఏమి చెప్తా ఉందో డోలువాడికి చెవిలో కూడా పడాలి.

ఇది తెలిసినాక ఇంటర్నెట్‌లో పెట్టిన వీడియోల మీద నాకు కోపం వచ్చింది. నేను చూసినవాటిలో చాలావరకు కెమెరా ముసుగు మీద, ఈకల మీద ఉంటుంది. రంగులుగా ఉంటాయి కదా. డోలువాడు ఒక మూల సగం కనిపిస్తాడు, వాడి కళ్ళు అసలు కనిపించవు. ఇద్దరి మధ్య జరిగే పోటీలో ఒకరిని మాత్రం చూపించడం, కబడ్డీ ఆటలో కూతకు వచ్చినవాడిని చూపించి పట్టేవాళ్ళను కోసేసినట్ల ఉంది. ఇంకో రకం వీడియోలు ఇంకా అన్యాయం. ముందే రికార్డు చేసిన డోలు పాటను స్పీకర్లో పెట్టి స్టేజి మీద వరసగా నిలబడి ఆడతారు. అందరూ ఒకేసారి కాలు ఎత్తుతారు, ఒకేసారి దించుతారు. చూసేదానికి చక్కగా ఉంది. కానీ రికార్డుకు కళ్ళు లేవు, అది ఎవరి కాలినీ చూడలేదు. కాబట్టి ఆడేవాళ్ళే దాని వెనుక పరిగెత్తాలి. వేషం అదే, కిరీటం అదే, నాట్యం మాత్రం తలకిందులయింది. మన వార్షికోత్సవాల్లో పెన్‌డ్రైవ్‌లో పాట పెట్టి కోలాటం ఆడవచ్చు, ఏదో ఒక మాదిరి కుదురుతుంది. పెన్‌డ్రైవ్‌తో వనరగువా కుదరనే కుదరదు.

రెండోది పుంటా. గరిఫునా అంటే బయటివాళ్ళకు తెలిసింది ఎక్కువగా ఇదే. పైఒళ్ళు పెద్దగా కదలకుండా, పాదాలు చిన్నచిన్నగా నేలను తోస్తా, నడుము మాత్రం చాలా వేగంగా ఆడుతుంది. ఒక ఆడమనిషి, ఒక మగమనిషి ఎదురెదురుగా వచ్చి పోటీగా ఆడతారు. కోడిపుంజు, పెట్ట ఆట అని వాళ్ళే చెప్తారు. ఇది మా ఇంట్లో ఫోన్‌లో చూస్తా ఉంటే మా అవ్వ "ఇదేమి ఆటరా, సిగ్గు లేకుండా" అనింది. చాలామంది పెద్దవాళ్ళు అట్లనే అంటారు. నేను అవ్వకు చెప్పింది ఒకటే మాట: "అవ్వా, ఇది చావింట్లో ఆడే ఆట." అవ్వ కాసేపు ఏమీ అనలేదు. తరువాత "తొమ్మిది దినాలకా?" అని అడిగింది. నిజంగానే తొమ్మిది దినాలకే. మనిషి చనిపోయినాక తొమ్మిది రాత్రులు ప్రార్థనలు చేసి, చివరి రాత్రి బంధువులంతా చేరి, కథలు చెప్పుకుని, తిని, తాగి, తెల్లారేదాకా పుంటా ఆడతారు. తొమ్మిది దినాల ప్రార్థన కాథలిక్ మతంనుంచి వచ్చింది. ఆ ప్రార్థన అయినాక ముంగిట్లో కోడిపుంజు మాదిరి ఆడమని ఏ పాదిరీ చెప్పలేదు.

మన పక్క పల్లెల్లో ఏండ్లు పండిన ముసలివాళ్ళు పోతే పలకలు కొట్టించి, పూలు చల్లుకుంటా, పిల్లలు ముందు ఆడతా పోతారు కదా. దాన్ని చూసినవాళ్ళకు పుంటా సిగ్గులేనిదిగా అనిపించదు. ఒక మనిషి పోయిన ఇంట్లో, ఇంకా మనుషులు పుడతారు అని ఒంటితో చెప్పడం అది. ఇంకొకటి, పుంటా పాటలు కట్టేది ఎక్కువగా ఆడవాళ్ళు. డోలు వేగం చూస్తే సంబరం అనుకుంటాము, పాటలో మాత్రం జబ్బు, దూరం పోయిన మొగుడు, ఊళ్ళో మాట పడిన బాధ ఉంటాయి. డోలు ఒక దావ, మాట ఒక దావ. భాష తెలియనివాళ్ళకు ఆ రెండో దావ మూసుకుపోయినట్టే.

ఇక్కడే నాకు ఒక చిక్కు వచ్చింది. 1980 ప్రాంతంలో బెలీజ్‌లోని డాంగ్రిగా ఊరిలో పెన్ కాయెతానో అనే చిత్రకారుడు, పాటగాడు పుంటాకు ఎలక్ట్రిక్ గిటారు చేర్చి పుంటా రాక్ అని మొదలుపెట్టాడు. తాబేటి చిప్పలను కర్రలతో కొట్టి తాళం వేసేవాళ్ళు. ఊళ్ళో పడుచువాళ్ళు తమ భాష పాటలంటే ముసలివాళ్ళవి అనుకుని వేరే పాటలు వినేదానికి అలవాటు పడిన కాలం అది. పుంటా రాక్ వల్ల వాళ్ళు మళ్ళీ గరిఫునా మాటల్లో పాడారు. కాబట్టి గిటారు వచ్చి పుంటాను చెడగొట్టింది అనే మాట నేను ఒప్పుకోను. అయితే 1991లో హోండురాస్‌కు చెందిన బాండా బ్లాంకా అనే బృందం "సోపా దె కరకోల్" అనే పాటతో లాటిన్ అమెరికా అంతా పుంటాను మోగించింది. బృందం గరిఫునావాళ్ళది కాదు. పాట మొదట కట్టింది చికో రామోస్ అనే బెలీజ్ పాటగాడు. కోట్లమంది ఆ పాటకు నడుము ఆడించారు. దాంట్లో ఉన్న నాలుగు గరిఫునా మాటలు వాళ్ళకు ఊరక చప్పుడు మాత్రమే. పెండ్లిలో, పుట్టినరోజుల్లో, డిస్కోల్లో మోగింది. చావింటి ముంగిలి ఎక్కడా లేదు. నేను ఆ పాట విన్నాను, కాలు తనంతట తానే ఆడుతుంది, అబద్ధం చెప్పను. కానీ పట్టీ ప్రకారం చూస్తే దాంట్లో అన్నీ ఉన్నాయి: స్థానిక భాష మాటలు, ఆఫ్రికా తాళం, స్పానిష్ భాష, యూరప్ వాయిద్యాలు. సామాన్లన్నీ వేశారు, ఎవరికోసం వండారో మరిచిపోయారు.

దానికి జవాబు మాదిరి వచ్చింది 2007లో ఆండీ పలాసియో, గరిఫునా కలెక్టివ్ కలిసి చేసిన "వాతినా" అనే ఆల్బం. పలాసియో 1980లో నికరాగువాకు అక్షరాస్యత ఉద్యమంలో చదువు చెప్పేదానికి పోయాడు. అక్కడి గరిఫునావాళ్ళలో భాష ముసలివాళ్ళ దగ్గర తప్ప మిగల్లేదు. ఒక పడుచువాడు తమ భాషలో మాట్లాడతా ఉంటే అక్కడి ఒక ముసలాయన నమ్మలేకపోయాడంట. బెలీజ్‌లో కూడా ఒకనాటికి ఇట్లనే అవుతుంది అని పలాసియోకు భయం పట్టుకుంది. ఆ భయంనుంచే ఈ ఆల్బం వచ్చింది. ఇవాన్ దురాన్ అనే బెలీజ్ నిర్మాత దీన్ని స్టూడియోలో కాకుండా హాప్కిన్స్ అనే పల్లెలో సముద్రం పక్కన గుడిసెలో రికార్డు చేశాడు. మూడు దేశాల గరిఫునా పాటగాళ్ళు చేరారు. 70 ఏళ్ళు దాటిన పాల్ నాబోర్ కూడా పాడాడు.

నాకు ఈ ఆల్బం మీద గౌరవం ఉంది. ఒక చిన్న ఫిర్యాదు కూడా ఉంది. పాటలు చాలా అందంగా, నిదానంగా, గిటారు ముందు నిలబడి పోతాయి. కండ్లు మూసుకుని వినాలనిపిస్తుంది. లేచి ఆడాలని అనిపించే పాటలు తక్కువ. దూరదేశాల్లో కుర్చీల్లో కూర్చుని వినేవాళ్ళకు అది సరిపోతుంది. చావింటి ముంగిట్లో తెల్లారేదాకా నిద్ర పోకుండా ఉండాల్సినవాళ్ళకు సరిపోతుందా అని నాకు అనుమానం. "సోపా దె కరకోల్"‌లో ఒళ్ళు మిగిలింది, మాట పోయింది. "వాతినా"లో మాట మిగిలింది, ఒళ్ళు కొంచెం కూర్చుండిపోయింది. రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే నేను రెండోదాన్నే ఎంచుకుంటాను. కూర్చున్న ఒళ్ళు మళ్ళీ లేచి ఆడవచ్చు, మాట పోతే తెచ్చేదానికి నికరాగువాలో మాదిరి పక్క దేశంనుంచి ఒకడు రావాలి. ఆల్బం వచ్చిన మరుసటి ఏడు జనవరిలోనే, 47 ఏళ్ళకే, పలాసియో చనిపోయాడు.

భాష గురించి ఒక వింత చెప్పకుండా ఉండలేను. ఒళ్ళు చూస్తే ఆఫ్రికా, నాట్యంలో డోలు ఆఫ్రికా, కాబట్టి భాషలో కూడా ఆఫ్రికా పాలే ఎక్కువ ఉండాలి కదా? లేదు. గరిఫునా భాష అరవాక్ కుటుంబానికి చెందింది. ఆఫ్రికా మాటలు చాలా తక్కువ. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేదానికి అబన్, బియామ, ఉరువ అని సొంత మాటలు ఉన్నాయి. నాలుగునుంచి పైకి అంతా ఫ్రెంచి మాటలే, వాళ్ళ నోట్లో తిరిగి నునుపైనవి. "నేను" అని చెప్పేదానికి మగవాళ్ళకు ఒక మాట, ఆడవాళ్ళకు ఇంకొక మాట ఉంది. కరీబ్ మాటలు మగవాళ్ళ పక్క, అరవాక్ మాటలు ఆడవాళ్ళ పక్క చేరాయని చెప్తారు. నాలుగునుంచి పైకి ఫ్రెంచిలో లెక్కపెట్టే ముసలామెను "నీ భాషలో నీది ఎంత?" అని అడిగితే ఆమె ఏమి చెప్పాలి? మన అవ్వలు కూడా సంతలో "సంచి ఎంత" అని తెలుగులో అడిగి, కన్నడంలో బేరం చేసి, తమిళంలో తిట్టి, తెలుగులో ఇంటికొస్తారు. వాళ్ళను ఎవరూ పాలు లెక్క చెప్పమని అడగరు. మమ్మల్ని అడుగుతారు. ఊరు మారి పరీక్షకు పోతే, ఆటల పోటీలకు పోతే, "నువ్వు తెలుగోడివా, తమిళోడివా?" అని. ఒక పక్క చెప్పాలి అంట. తమిళనాడులో పుట్టి తెలుగులో చదువుకుంటా ఉన్నాను అంటే "అదెట్ల?" అంటారు. రొవాటన్ ఓడతో మా కష్టాన్ని పోల్చడం లేదు, అంత సిగ్గులేనివాణ్ణి కాదు. అడిగే ప్రశ్న ఒకే రకంది అని మాత్రం అంటా ఉన్నాను.

డాంగ్రిగాలో గులిసి అని ఒక ప్రాథమిక బడి ఉంది. గరిఫునావాళ్ళు పెట్టుకున్నది. ఇంగ్లీషు, స్పానిష్‌తో పాటు గరిఫునా భాష కూడా నేర్పుతారు. చాటోయేర్ కూతురు పేరు అని చెప్పుకునే పేరునే బడికి పెట్టారు. ఆ ఊళ్ళో పుంటా ఆడనివాళ్ళు అరుదు, డోలు వినపడితే చిన్న పిల్లలు కూడా నడుము ఊపుతారు. అయినా భాష కోసం ఒక బడి కావలసి వచ్చింది. నాట్యం ఒంటిమీద వస్తుంది, చూసి నేర్చుకోవచ్చు. పాట అట్ల రాదు. యునెస్కో 2001లో గరిఫునావాళ్ళది మానవజాతి గొప్ప వారసత్వాల్లో ఒకటి అని ప్రకటించి, 2008లో తన జాబితాలో చేర్చినప్పుడు పెట్టిన పేరు "గరిఫునాల భాష, నాట్యం, సంగీతం". నాట్యం ఒకటే చేర్చి ఉంటే ఫోటోలకు బాగుండేది. భాషను ముందు పెట్టారు. ఆ జాబితాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు, ఎందుకంటే జాబితాలో ఎక్కినంత మాత్రాన ఏ అవ్వా మనవడితో మాట్లాడడం మొదలుపెట్టదు. కానీ ఆ వరస సరిగ్గా పెట్టారు.

మా తరగతిలో ఇప్పుడు పద్నాలుగు మందిమి ఉన్నాము. మా అన్న చదివేటప్పుడు ఇదే తరగతిలో ముప్పై మంది దాటి ఉన్నారంట. కోలాటం, పలక, చెక్క భజన మా ఊళ్ళో ఇంకా ఉన్నాయి, ఆడేవాళ్ళు ఉన్నారు. పాట మధ్యలో మాట మరిచిపోతే అందించేవాళ్ళు తగ్గుతా ఉన్నారు. పోయిన ఏడు మా వీధి చెక్క భజనలో ఒక చరణం రెండుసార్లు పాడారు, మూడో చరణం ఎవరికీ రాక.

ఈ నాట్యాలు చూడాలనుకునేవాళ్ళకు ఒక మాట. వనరగువా వీడియో పెడితే కిరీటాన్ని ఒక నిమిషం చూసి వదిలేయండి. మోకాళ్ళను చూడండి, ఆ తరువాత మూలలో కూర్చున్న డోలువాడిని వెదకండి. వాడు ఎటు చూస్తా ఉన్నాడో కనిపించే వీడియో దొరికితే నాకు కూడా చెప్పండి, నేను ఇంతవరకు రెండే చూశాను.